4 చర్యలు, 7 సందర్భాలు, 24 గంటలు: లైంగిక దాడి కేసులో కోర్టు చూసేదేమిటి?

2022లో దేశం మొత్తం మీద పోలీసులు నమోదు చేసిన అత్యాచార కేసులు 31,516. సగటున రోజుకు 86. జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్క ఇది. ఆ ఏడాది విచారణ పూర్తయిన అత్యాచార కేసుల్లో శిక్ష పడింది 27.4 శాతానికే. తీర్పు దాకా వచ్చిన ప్రతి నాలుగింటిలో దాదాపు మూడు వీగిపోయాయన్న మాట.

కేసులు వీగిపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. దర్యాప్తు అరకొరగా సాగుతుంది, సాక్షులు అడ్డం తిరుగుతారు, ఏళ్ల తరబడి వాయిదాలు పడతాయి, ఈలోగా రాజీకి ఒత్తిళ్లు వస్తాయి. వీటన్నిటికంటే ముందు తెలియాల్సింది ఒకటుంది. అసలు కోర్టులో రుజువు కావలసినవి ఏమిటి?

ఇలాంటి ఘటన జరగ్గానే నలుగురూ అడిగే ప్రశ్నలు మనకు తెలిసినవే. ఆ టైంలో అక్కడ ఆమెకేం పని? ఎందుకు అరవలేదు? ఒంటిమీద దెబ్బలున్నాయా? అప్పుడే ఎందుకు చెప్పలేదు? వీటిలో ఒక్కటీ నేర నిర్వచనంలో లేదు. చట్టం అడిగేవి వేరు. వాటిని అంకెల వారీగా చూద్దాం.

2 చట్టాలు, 3 భాగాలు

2024 జులై 1 నుంచి భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత 375, 376 సెక్షన్లే వర్తిస్తాయి. ఆ తర్వాతి వాటికి అత్యాచార నిర్వచనం బీఎన్‌ఎస్ 63లో, శిక్ష 64లో మొదలవుతాయి. 18 ఏళ్లు నిండని పిల్లలకు 2012 నవంబర్ 14 నుంచి పోక్సో చట్టం ఉంది. అందులో ఆడపిల్ల, మగపిల్లాడు అన్న తేడా లేదు. ఒకే ఘటనకు రెండు చట్టాలూ వర్తిస్తే, దేని శిక్ష ఎక్కువైతే దాన్నే వేయాలని పోక్సో 42వ సెక్షన్ చెబుతోంది.

ఏ చట్టం తీసుకున్నా ప్రాసిక్యూషన్ చూపించాల్సినవి మూడు: నిందితుడు చేసిన పని, ఆ పనిని నేరంగా మార్చే పరిస్థితి, అతని ఉద్దేశం. పెద్దవాళ్ల విషయంలో పరిస్థితి అంటే ప్రధానంగా సమ్మతి లేకపోవడం. పిల్లల విషయంలో వయసు. ఉద్దేశం అన్న మాట బీఎన్‌ఎస్ 63లో విడిగా కనిపించదు, ఎందుకంటే అందులో చెప్పిన చర్యలేవీ పొరపాటున జరిగేవి కావు. పోక్సో 7వ సెక్షన్‌లో మాత్రం ‘లైంగిక ఉద్దేశంతో’ అని స్పష్టంగా ఉంది. డాక్టరు వైద్యం కోసం తాకడానికీ, అదే చోట మరొకడు చెడు ఉద్దేశంతో తాకడానికీ తేడా అక్కడే తేలుతుంది. బీఎన్‌ఎస్ 63 కూడా వైద్య చికిత్సను నేరం పరిధి నుంచి విడిగా మినహాయించింది.

4: చర్యలు

2013 దాకా చట్టం దృష్టిలో అత్యాచారం అంటే ఒక్క చర్యే. మిగతా దారుణాలెన్ని జరిగినా అవి చిన్న సెక్షన్ల కిందికి వెళ్లేవి. 2012 డిసెంబర్‌లో ఢిల్లీ బస్సులో జరిగిన సామూహిక అత్యాచారం తర్వాత జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీని వేశారు. దేశం నలుమూలల నుంచి వచ్చిన వేలాది సూచనలు చదివి, 29 రోజుల్లో, 2013 జనవరి 23న ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. ఆ ఏడాదే చట్టం మారింది.

ఇప్పుడు 63వ సెక్షన్‌లో నాలుగు చర్యలున్నాయి. ఒకటి, స్త్రీ యోని, నోరు, మూత్రద్వారం, మలద్వారాల్లో దేనిలోకైనా పురుషాంగాన్ని చొప్పించడం. రెండు, ఏదైనా వస్తువును గానీ వేలు వంటి మరో శరీర భాగాన్ని గానీ చొప్పించడం. మూడు, అలా జరిగేలా ఆమె శరీరంలో ఏ భాగాన్నయినా వాడుకోవడం. నాలుగు, స్త్రీ యోని, మూత్రద్వారం, మలద్వారాల్లో దేనికైనా నోరు తాకించడం. ఈ పనులు తానే చేసినా, తనతో గానీ వేరొకరితో గానీ ఆమె చేత బలవంతంగా చేయించినా ఒకటే.

ఇక్కడ రెండు చిన్న మాటలు చాలా కేసుల్ని నిలబెట్టాయి: ‘ఏ మేరకైనా’. చర్య పూర్తయిందా, వీర్యం ఆనవాళ్లు దొరికాయా, కన్నెపొర చిరిగిందా అన్నవి నిర్వచనంలో భాగం కావు. మెడికల్ రిపోర్టులో ‘గాయాలు లేవు’ అని ఉన్నంత మాత్రాన నేరం జరగలేదని కాదు. ఆ రిపోర్టు ఇతర సాక్ష్యాలకు తోడుగా పనికొచ్చేదే గానీ, నేరానికి సర్టిఫికెట్ కాదు.

‘రెండు వేళ్ల పరీక్ష’ సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. బాధితురాలికి అంతకుముందు శారీరక సంబంధాలున్నాయో లేదో తేల్చేందుకంటూ దశాబ్దాలపాటు ఆస్పత్రుల్లో చేసిన పరీక్ష ఇది. 2013లోనే సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. అయినా ఆగలేదు. 2022 అక్టోబర్ 31న జస్టిస్ డి.వై. చంద్రచూడ్, అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ హిమా కోహ్లీల ధర్మాసనం ఇంకో అడుగు ముందుకేసింది. ఆ పరీక్ష చేసినవారు ఎవరైనా దుష్ప్రవర్తన కింద బాధ్యులవుతారని తేల్చి చెప్పింది.

7: సందర్భాలు

పై నాలుగు చర్యల్లో ఏదైనా కింది ఏడు సందర్భాల్లో ఏ ఒక్కదానిలో జరిగినా అత్యాచారమే.

1. ఆమె ఇష్టానికి విరుద్ధంగా.
2. ఆమె సమ్మతి లేకుండా.
3. ఆమెను గానీ ఆమెకు కావలసినవారిని గానీ చంపుతానని, గాయపరుస్తానని బెదిరించి ఒప్పించినప్పుడు.
4. అతను భర్త కాడని అతనికి తెలిసీ, భర్తేనని ఆమె నమ్మి ఒప్పుకున్నప్పుడు.
5. మతి స్థిమితం లేనప్పుడు, లేదా మత్తులో ఉండి తాను దేనికి ఒప్పుకుంటోందో ఆమె గ్రహించలేనప్పుడు.
6. ఆమెకు 18 ఏళ్లు నిండనప్పుడు. ఇక్కడ సమ్మతి ఉన్నా లేనట్టే.
7. సమ్మతిని తెలియజేయగల స్థితిలో ఆమె లేనప్పుడు.

మొదటి రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ కావు. వద్దని చెప్పినా వినకపోవడం మొదటిది. ‘సరే’ అన్నది అసలు రాకపోవడం రెండోది. భయంతో బిగుసుకుపోయి నోరు పెగలని మనిషి ‘వద్దు’ అనకపోవచ్చు, కానీ ‘సరే’ కూడా అనలేదు.

సమ్మతి అంటే ఏమిటో 2013 నుంచి చట్టమే వివరిస్తోంది. ఆ ఫలానా చర్యలో పాల్గొనడానికి మాటతోనో, సైగతోనో, మరో విధంగానో ఆమె స్వచ్ఛందంగా, అనుమానానికి తావు లేకుండా తెలిపే ఒప్పుకోలు అది. ‘ఫలానా చర్య’ అన్నది ముఖ్యం. కారెక్కడానికి ఒప్పుకుంటే, గదికి రావడానికి ఒప్పుకుంటే, నిన్న ఒప్పుకుంటే, ఇవాళ్టి ఈ పనికి ఒప్పుకున్నట్టు కాదు. ఆ వివరణకు చివర ఇంకో వాక్యం ఉంది: శారీరకంగా ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో ఆమె సమ్మతించిందని అనుకోరాదు.

ఆ వాక్యం చట్టంలోకి రావడానికి 40 ఏళ్లు పట్టింది. 1972 మార్చిలో మహారాష్ట్రలోని దేశాయ్‌గంజ్ పోలీస్ స్టేషన్‌లో ఒక ఆదివాసీ బాలికపై ఇద్దరు పోలీసులు అఘాయిత్యానికి పాల్పడ్డారన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒంటిమీద గాయాలు లేవు, ప్రతిఘటించిన జాడలు లేవు అంటూ 1978లో కోర్టు వారిని నిర్దోషులుగా వదిలేసింది. మరుసటి ఏడాది ఉపేంద్ర బక్షి, రఘునాథ్ కేల్కర్, లోతికా సర్కార్, వసుధా ధగంవార్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అన్నది ఆ లేఖ సారాంశం.

సరిగ్గా అదే కాలంలో హైదరాబాద్ కూడా రగిలింది. 1978 మార్చిలో సినిమా చూసి రాత్రిపూట ఇంటికి వెళ్తున్న ఒక మహిళను నల్లకుంట పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లారు. ఆమెపై పోలీసులే అత్యాచారం చేశారని, అడ్డుపడ్డ ఆమె భర్త, రిక్షా కార్మికుడు, దెబ్బలకు చనిపోయాడని తెలిసి జనం వీధుల్లోకి వచ్చారు. నగరంలో కర్ఫ్యూ పెట్టాల్సి వచ్చింది. జస్టిస్ ముక్తదార్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కానీ ఆ విచారణ సాగినంత కాలం ఆమె నడవడినే బోనెక్కించారు. చివరికి కేసు కర్ణాటకలోని రాయచూర్‌కు బదిలీ అయి, నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు.

ఈ రెండు కేసుల తర్వాత లేచిన ఉద్యమాల ఫలితమే 1983 సవరణ. పోలీసుల వంటి అధికారం చేతిలో ఉన్నవారి కస్టడీలో జరిగిన అత్యాచారాల్లో, లైంగిక చర్య జరిగినట్టు రుజువై, తన సమ్మతి లేదని ఆమె కోర్టులో చెబితే, సమ్మతి లేదనే కోర్టు భావించాలన్న నియమం అప్పుడొచ్చింది. ఇవాళ అది కొత్త సాక్ష్య చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 120వ సెక్షన్‌లో ఉంది. నడవడి గురించి, పాత సంబంధాల గురించి క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగే ప్రశ్నలకు కూడా చట్టం తలుపు మూసింది. సమ్మతి ఉందా లేదా అని తేల్చడానికి ఆమె గతంతో సంబంధం లేదని అదే చట్టం 48వ సెక్షన్ చెబుతోంది.

‘పెళ్లి చేసుకుంటానని నమ్మించి’ అని మన పత్రికల్లో తరచూ కనిపించే కేసులు ఈ ఏడింటిలోకి నేరుగా రావు. మొదటి నుంచీ పెళ్లి ఉద్దేశమే లేకుండా అబద్ధం ఆడి ఒప్పించాడా, లేక నిజంగానే అనుకుని తర్వాత కుదరక వెనక్కి తగ్గాడా అన్నదాన్ని బట్టి కోర్టులు తేలుస్తూ వచ్చాయి. మొదటిదైతే నేరం, రెండోదైతే మాట తప్పడం మాత్రమే. బీఎన్‌ఎస్ 69వ సెక్షన్ దీన్ని అత్యాచారం కాని ప్రత్యేక నేరంగా పెట్టి, 10 ఏళ్ల దాకా శిక్ష చెప్పింది.

18: వయసు

1860లో శిక్షాస్మృతి రాసినప్పుడు సమ్మతి వయసు 10 ఏళ్లు. 1891లో 12, 1925లో 14 అయింది. తర్వాత 16 దగ్గర చాలా కాలం ఆగింది. 2012లో పోక్సోతో, 2013లో శిక్షాస్మృతి సవరణతో 18కి చేరింది.

ఈ అంకెతో కేసు స్వరూపమే మారిపోతుంది. 18 నిండితే ‘ఒప్పుకుందా?’ అన్నది ప్రశ్న. నిండకపోతే ఆ ప్రశ్నే లేదు. అందుకే 17 ఏళ్ల అమ్మాయి ఇష్టపడి ఇల్లు విడిచి వెళ్లిన సందర్భాల్లోనూ, ‘మా అమ్మాయిని తీసుకుపోయాడు’ అని తల్లిదండ్రులు ఫిర్యాదు ఇస్తే అబ్బాయిపై పోక్సో కేసు నమోదవుతుంది. ఈ తరహా కేసుల గురించి న్యాయమూర్తులే ఆందోళన వ్యక్తం చేసిన సందర్భాలున్నాయి. అయినా చట్టంలో గీత 18 దగ్గరే ఉంది.

అలాంటప్పుడు వయసు రుజువు చేయడమే సగం కేసు. బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ఒక వరస చెప్పింది. ముందు బడి ఇచ్చే పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష, దాంట్లో రెండేళ్లు అటూ ఇటూ కావచ్చు. ఆధార్ కార్డు ఈ వరసలో లేదు. ఇంట్లో బీరువాలో దాచిన టెన్త్ మెమో కోర్టులో ఎంత బరువు తూగుతుందో చాలామందికి తెలియదు.

1 ఏడాదా, 3 ఏళ్లా?

ఒక్క పదానికి అర్థం చెప్పడంలో శిక్ష ఎలా మారిపోతుందో నాగ్‌పూర్ కేసు చూపిస్తుంది. ఒకడు 12 ఏళ్ల బాలికను జామపండు ఇస్తానని ఇంట్లోకి పిలిచి, దుస్తుల మీదుగా ఆమె ఛాతీని తాకాడు. కింది కోర్టు పోక్సో 8వ సెక్షన్ కింద 3 ఏళ్ల జైలు వేసింది. 2021 జనవరి 19న బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ ఆ శిక్షను కొట్టేసింది. ఒంటికి ఒళ్లు నేరుగా తగలలేదు, మధ్యలో బట్ట ఉంది, కాబట్టి ఇది పోక్సో నిర్వచనంలోని ‘లైంగిక దాడి’ కాదన్నది ఆ తీర్పు. మిగిలింది ఐపీసీ 354, అంటే కనీస శిక్ష 1 ఏడాది.

దేశమంతా ఉలిక్కిపడింది. అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్ స్వయంగా సుప్రీంకోర్టు తలుపు తట్టారు. ఆ లెక్కన చేతికి గ్లౌజు తొడుక్కుని తాకినవాడు కూడా తప్పించుకుంటాడన్న వాదన అక్కడ బలంగా వినిపించింది. 2021 నవంబర్ 18న జస్టిస్ యు.యు. లలిత్, జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ బేలా త్రివేదిల ధర్మాసనం హైకోర్టు తీర్పును పక్కన పెట్టింది. తాకడంలో ముఖ్యమైనది లైంగిక ఉద్దేశమే గానీ, చర్మానికి చర్మం తగలడం కాదని చెప్పి, 3 ఏళ్ల శిక్షను తిరిగి నిలబెట్టింది.

పోక్సోలో ఇంకో విశేషం ఉంది. నేరానికి పునాది అయిన విషయాలు, అంటే బాధితురాలు లేదా బాధితుడు మైనర్ అని, ఘటన జరిగిందని ప్రాసిక్యూషన్ చూపితే, నేరం చేయలేదని, అలాంటి ఉద్దేశం తనకు లేదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత 29, 30 సెక్షన్ల ప్రకారం నిందితుడి మీద పడుతుంది.

10, 20, బతికినంత కాలం: శిక్షలు

అత్యాచారానికి కనీస శిక్ష 10 ఏళ్ల కఠిన కారాగారం, గరిష్ఠం యావజ్జీవం. పోలీసు, ప్రభుత్వ ఉద్యోగి, ఆస్పత్రి సిబ్బంది, బంధువు, సంరక్షకుడు, టీచరు వంటివారు చేసినా, గర్భవతి అని తెలిసి చేసినా, దివ్యాంగురాలిపై చేసినా, ఒకే మహిళపై పదేపదే చేసినా అది తీవ్రమైన రూపం. 64(2)లో ఇలాంటివి మొత్తం 13 రకాలున్నాయి. వీటిలో యావజ్జీవం అంటే మిగిలిన జీవితమంతా జైల్లోనే. ఈ జాబితాలో సగానికి పైగా బాధితురాలికి తెలిసినవారో, ఆమె మీద అధికారం ఉన్నవారో కావడం కాకతాళీయం కాదు. ఎన్‌సీఆర్‌బీ లెక్కల్లో ప్రతి 100 అత్యాచార కేసుల్లో 95కు పైగా నిందితుడు ఆమెకు తెలిసినవాడే.

మిగతావి క్లుప్తంగా:

• 16 ఏళ్లలోపు బాలికపై అత్యాచారం: కనీసం 20 ఏళ్లు.
• 12 ఏళ్లలోపు బాలికపై: కనీసం 20 ఏళ్లు, ఉరి దాకా.
• సామూహిక అత్యాచారం: కనీసం 20 ఏళ్లు. బాధితురాలికి 18 నిండకపోతే యావజ్జీవం లేదా ఉరి. ఒకే ఉద్దేశంతో గుంపులో ఉన్న ప్రతి ఒక్కరూ అత్యాచారం చేసినట్టే లెక్క. ‘నేను కాపలా మాత్రమే ఉన్నాను’ అంటే కుదరదు.
• మహిళ గౌరవానికి భంగం కలిగించేలా దాడి, బలప్రయోగం (74): 1 నుంచి 5 ఏళ్లు.
• బలవంతంగా బట్టలు విప్పడం (76): 3 నుంచి 7 ఏళ్లు.
• వెంటపడి వేధించడం (78): మొదటిసారి 3 ఏళ్ల దాకా, మళ్లీ చేస్తే 5 ఏళ్ల దాకా.
• పోక్సో కింద లైంగిక దాడి: 3 నుంచి 5 ఏళ్లు. టీచరు, బంధువు, పోలీసు వంటివారు చేసినా, పిల్లల వయసు 12లోపు అయినా 5 నుంచి 7 ఏళ్లు.

24 గంటలు, 7 రోజులు, 2 నెలలు

నిర్వచనం ఎంత పకడ్బందీగా ఉన్నా, దాన్ని రుజువు చేసే సాక్ష్యం గంటల్లో చెరిగిపోతుంది. అందుకే చట్టం గడువులు పెట్టింది.

మొదటిది అసలు గడువే లేనిది: ఎఫ్‌ఐఆర్ అప్పటికప్పుడే రాయాలి. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టర్‌పై జరిగిన అత్యాచారం, హత్య గుర్తుందిగా. ఆ రాత్రి ‘ఇది మా స్టేషన్ పరిధి కాదు’ అంటూ కుటుంబాన్ని తిప్పారన్న ఆరోపణపై ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. ఇప్పుడు పరిధితో పని లేదు. నేర విచారణ ప్రక్రియను చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాల్సిందే. బాధితురాలి మాటను మహిళా అధికారే రాసుకోవాలి. కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఇలాంటి కేసులో ఫిర్యాదు రాసుకోని పోలీసుకే బీఎన్‌ఎస్ 199 కింద 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు.

సమాచారం అందిన 24 గంటల్లో ఆమెను వైద్య పరీక్షకు పంపాలి. పరీక్షకు ఆమె ఒప్పుకోలు తప్పనిసరి. డాక్టరు 7 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. ప్రభుత్వాస్పత్రి అయినా ప్రైవేటు ఆస్పత్రి అయినా మొదటి వైద్యం ఉచితంగా చేయాలి. ‘ముందు పోలీస్ కాగితం తెండి’ అని తిప్పి పంపే ఆస్పత్రి బాధ్యులకు ఏడాది దాకా జైలు. మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం వీలైనంత వరకు మహిళా మేజిస్ట్రేటే నమోదు చేయాలి. బాధితులు పిల్లలైతే యూనిఫాం లేకుండా వాళ్ల ఇంటికే వెళ్లి మాట్లాడాలి, రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు.

దర్యాప్తుకు 2 నెలలు. ఛార్జిషీటు దాఖలయ్యాక విచారణకు మరో 2 నెలలు. అంటే కాగితం మీద 4 నెలలు. 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన దిశ బిల్లు దీన్ని 21 రోజులకు కుదించాలనుకుంది: దర్యాప్తుకు 7, విచారణకు 14. ఆ బిల్లు చట్టంగా అమల్లోకి రాలేదు. వారంలో ఛార్జిషీటు రావాలంటే ఫోరెన్సిక్ రిపోర్టు అంతకంటే ముందే చేతికందాలి. గడువు కుదించడం కంటే ల్యాబులు, కోర్టులు పెంచడం కష్టమైన పని.

ఇంకో అంకె, 2 ఏళ్లు. బాధితురాలి పేరు గానీ, ఆమెను గుర్తుపట్టే వివరం గానీ బయటపెట్టినవారికి బీఎన్‌ఎస్ 72 కింద పడే గరిష్ఠ శిక్ష అది. ఇది పత్రికలకు, టీవీలకు మాత్రమే కాదు, వాట్సాప్ గ్రూపులో ఫొటో ఫార్వర్డ్ చేసిన మన బాబాయికీ వర్తిస్తుంది.

1: సాక్షి

నాలుగు గోడల మధ్య జరిగేదానికి రెండో సాక్షి ఎక్కడి నుంచి వస్తాడు? ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1996లో గుర్మీత్ సింగ్ కేసులో జవాబిచ్చింది. బాధితురాలి సాక్ష్యం నమ్మదగినదైతే అదొక్కటే చాలు, వేరే సాక్ష్యం తోడు కావాలని పట్టుబట్టనక్కర్లేదు. ఫిర్యాదు ఆలస్యమైందన్న ఒక్క కారణంతో ఆమెను అనుమానించడం కూడా తగదు. పరువు, కుటుంబం, భయం వల్ల ఆలస్యం సహజమని కోర్టులు గుర్తించాయి.

అలాగని నిందితుడికి రక్షణ లేదనుకోవద్దు. సహేతుకమైన సందేహానికి తావు లేకుండా నేరాన్ని రుజువు చేయాలన్న సూత్రం ఇక్కడా ఉంది. ఒకే సాక్షి మీద ఆధారపడినప్పుడు ఆ సాక్ష్యం మొదటి నుంచి చివరి దాకా నిలకడగా ఉందా అని కోర్టు నిశితంగా చూస్తుంది. ఎఫ్‌ఐఆర్‌లో ఒకటి, మేజిస్ట్రేట్ ముందు ఒకటి, బోనులో ఇంకొకటి ఉంటే డిఫెన్స్ లాయరు పట్టుకునేది అక్కడే.

0: చట్టం వదిలేసినవారు

భార్యకు 18 ఏళ్లు నిండితే, ఆమె ఇష్టం లేకుండా భర్త చేసేది 63వ సెక్షన్ కింద అత్యాచారం కాదు. ఆ సెక్షన్ కింద శిక్ష సున్నా. ఐపీసీలో ఈ మినహాయింపు 15 ఏళ్లకే ఉండేది. 2017 అక్టోబర్ 11న సుప్రీంకోర్టు దాన్ని 18కి పెంచింది. విడిగా ఉంటున్న భార్య విషయంలో మాత్రం 67వ సెక్షన్ కింద 2 నుంచి 7 ఏళ్లు. మొత్తం మినహాయింపునే కొట్టేయాలన్న పిటిషన్లపై 2022 మే 11న ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాల తీర్పులిచ్చారు. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది.

వయోజన పురుషుడిపై జరిగే లైంగిక దాడికి బీఎన్‌ఎస్‌లో ప్రత్యేక సెక్షన్ లేదు. పాత 377 కింద ఉన్న ఆ కొద్దిపాటి దారి కూడా కొత్త చట్టంలో పోయింది. ట్రాన్స్‌జెండర్లపై లైంగిక హింసకు 2019 నాటి వారి చట్టంలో గరిష్ఠ శిక్ష 2 ఏళ్లు. మహిళపై అయితే కనీసం 10 ఏళ్లు పడే నేరానికి, వారి విషయంలో గరిష్ఠమే 2.

తెలిసి ఉంటే పనికొచ్చేవి

కేసు నిలవాలంటే మొదటి ఫిర్యాదులోనే చట్టం అడిగే విషయాలు ఉండాలి. ఏం చేశాడు, ఎక్కడ, ఎప్పుడు, తాను ఒప్పుకోలేదని ఎలా తెలిపింది లేదా ఎందుకు తెలపలేకపోయింది, భయపెట్టి ఉంటే ఏమన్నాడు, మత్తు ఇచ్చి ఉంటే ఎలా. సిగ్గుపడి ‘అసభ్యంగా ప్రవర్తించాడు’ అని ముక్తసరిగా రాయిస్తే, కేసు 64 కింద కాక 74 కింద నమోదు కావచ్చు. అప్పుడు 10 ఏళ్ల నేరం 1 ఏడాది నేరంగా మొదలవుతుంది. రాసింది చదివి వినిపించమని అడగడం, తాను చెప్పినట్టే ఉందో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టడం ఆమె హక్కు. ఆ రోజు వేసుకున్న బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టి ఇవ్వడం, ఫోన్లో మెసేజీలు చెరిపేయకపోవడం దర్యాప్తుకు ఎంతో ఉపయోగం.

సాయానికి నంబర్లు: అత్యవసరానికి 112, మహిళలకు 181, పిల్లలకు 1098. హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రంలోనూ, రెండు తెలుగు రాష్ట్రాల్లోని సఖి కేంద్రాల్లోనూ కౌన్సెలింగ్, వైద్య, న్యాయ సహాయం ఒకేచోట దొరుకుతాయి. పరిహారానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2018 పథకం ప్రకారం అత్యాచార బాధితురాలికి 4 నుంచి 7 లక్షలు, సామూహిక అత్యాచారమైతే 5 నుంచి 10 లక్షల రూపాయలు. ఇందుకు నిందితుడికి శిక్ష పడేదాకా ఆగనక్కర్లేదు, మధ్యంతర సాయం కోరవచ్చు.

ఇక తెలిసినవాళ్ల ఇంట్లో ఇలాంటి కష్టం వస్తే మనం అడగాల్సిన ప్రశ్నలు రెండే. ఆస్పత్రికి వెళ్లారా? ఎఫ్‌ఐఆర్ కాపీ చేతికొచ్చిందా?